కళ్ళజోడు నంబర్ చూడ్డం వేరు, కంటి లోపల చూడ్డం వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ హెల్త్ పేజీలో ఒక ఐటమ్ వేశారు, కంటి ఫోటో ఒక్కటి తీస్తే చాలు మతిమరుపు జబ్బు (అల్జీమర్స్) రాబోతోందని ఏఐ ఏళ్ల ముందే చెప్పేస్తుంది అని. మా నాన్న దాన్ని కత్తెరతో నీట్‌గా కట్ చేసి ఫ్రిజ్ మీద అంటించారు. అంటించి ఊరుకున్నా బావుండేది, "చూశావా, ఇంక ఆ చుక్కలూ గిక్కలూ ఏం అక్కర్లేదు, ఫోటో చాలంట, ఆ మెషీన్ రానీ అప్పుడు చూద్దాం" అని షుగర్ ఉన్నందుకు ఏటా కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని చేయించుకోవాల్సిన కంటి పరీక్ష ఎగ్గొట్టడానికి మీ పేపర్‌నే సాక్ష్యంగా చూపిస్తున్నారు. ఇంట్లో నా మాట కంటే మీ పేపర్ మాటకే విలువెక్కువ, అందుకే మీకే రాస్తున్నా.

మీరు రాసింది అబద్ధం అనట్లేదండీ. ఆ పరిశోధనలు నిజంగానే జరుగుతున్నాయి. కానీ రేపెప్పుడో రాబోయే మెషీన్‌కి అరపేజీ ఇచ్చిన మీరు నూట డెబ్భై ఏళ్లకి పైగా డాక్టర్ల చేతిలో ఉన్న, కంటి లోపల చూసే చిన్న లైటు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆ లైటు వల్లే మా చెల్లికి చూపు మిగిలింది. ఉత్తరం కాస్త పొడుగైంది, ఎక్కడైనా కత్తిరించుకోండి, చుక్కల మందు సంగతి మాత్రం వదిలెయ్యొద్దు.

చెల్లికి అప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. తలనొప్పి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కాబట్టి అందరం ఒకటే మాట, నంబర్ మారుంటుంది చెక్ చేయించుకో అని. వెళ్ళింది. గడ్డం ఆనించి చూస్తే దూరంగా రోడ్డు చివర రంగుల బెలూన్ కనబడే మెషీన్ ఉంటుంది కదా, అందులో చూశారు, గోడ మీద అక్షరాలు చదివించారు, ఆఖరి లైను దాకా గడగడా చదివేసింది, పాయింట్ టూ ఫైవ్ మారింది అన్నారు, కొత్త అద్దాలు ఇచ్చారు. తలనొప్పి తగ్గలేదు. రెండు నెలలాగి ఇంకో చోటికి వెళ్ళింది, మళ్ళీ బెలూన్, మళ్ళీ అక్షరాలు, ఈసారి బ్లూ కోటింగ్ అద్దాలు. వాళ్ళని తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు. మేం అద్దాలు అడిగాం, వాళ్ళు అద్దాలు ఇచ్చారు. ఆ రెండుసార్లలో ఒక్కసారి కూడా కంటి లోపల ఎవరూ చూడలేదు, చూడాలని మాకూ తెలీదు.

ఆ తర్వాత రెండు వింతలు మొదలయ్యాయి. కింద పడిన పెన్ను తీద్దామని వంగి లేచేసరికి రెండు కళ్ళూ మూడు నాలుగు సెకన్లు మసకేసి మళ్ళీ మామూలైపోయేవి, లో వోల్టేజీలో బల్బు డిమ్ అయి వెలిగినట్టు. రెండోది రాత్రి దిండు మీద తల పెట్టగానే చెవిలో హుష్షు హుష్షుమని చప్పుడు. "అక్కా, ఫ్యాన్ సౌండ్ అనుకుని ఆపేసి చూశా, అయినా వస్తోంది, నాడి కొట్టుకున్నట్టే వస్తోంది" అంది. నేను నిద్రలేమి అన్నాను. ఈ మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మూడోసారి వెళ్ళిన చోట ఆప్టోమెట్రిస్ట్ (కంటి పరీక్షలు చేసే) అమ్మాయి అద్దాల జోలికి పోకుండా ముందు కూర్చోబెట్టి అడిగింది. తలనొప్పి పొద్దున లేవగానే ఎక్కువా, వంగితే చూపు మసకేస్తోందా, ఈమధ్య బరువు పెరిగారా, మొటిమలకి మాత్రలేమైనా వాడుతున్నారా. మొటిమలకీ కళ్ళకీ ఏంటి సంబంధం అనుకున్నాం. తర్వాత తెలిసింది, విటమిన్ ఏ రకం మొటిమల మాత్రలూ కొన్ని టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్సూ కూడా తల లోపల ప్రెషర్ పెంచగలవట. టార్చి వేసి ఒక కంటిపాప తర్వాత ఇంకోటి చూసి, అప్పుడు చుక్కలు వేసింది. టార్చి పరీక్ష ముందే ఎందుకంటే చుక్కలు పడ్డాక కొన్ని గంటలు పాప లైటుకి ముడుచుకోదు, ఇంక అది చెప్పాల్సిన సంగతి చెప్పలేదు.

పాప పెద్దదయ్యాక డాక్టరు గారు తలకి లైటు కట్టుకుని చేతిలో లెన్స్ పట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. పైకి చూడమ్మా, కిందకి, కుడికి, ఇంతే, వేరే మాట లేదు. ఆ తర్వాత నర్సుని పిలిచి బీపీ చూడమన్నారు, బీపీ మామూలుగానే ఉంది. అప్పుడు స్క్రీన్ మీద రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టారు. ఒకటి మామూలు కన్ను, ఎర్రటి నేపథ్యంలో లేత పసుపు రంగు బిళ్ళ, అంచు గీసినట్టు స్పష్టంగా ఉంది, అందులోంచి రక్తనాళాలు కొమ్మల్లా విచ్చుకున్నాయి. రెండోది చెల్లిది. బిళ్ళ ఉంది కానీ అంచు లేదు, తడి కాగితం మీద సిరా పాకినట్టు అలుక్కుపోయింది, నాళాలు అంచు దాటే చోట కాసేపు మాయమై మళ్ళీ తేలుతున్నాయి. "నరం మొదలు వాచింది, రెండు కళ్ళల్లోనూ. ఇది కంట్లో పుట్టిన జబ్బు కాదు. ఇవాళే న్యూరో దగ్గరికి వెళ్ళండి, రేపు అనుకోవద్దు" అన్నారు.

కంట్లో వాపుకి తలలో స్కానింగ్ ఏంటని ఆ రోజు మేం ఎంత అయోమయపడ్డామో. తర్వాత డాక్టరు గారే విడమర్చి చెప్పారు. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు రెటీనా విడిగా పుట్టదు, మెదడే ఒక మొగ్గలా ముందుకి పొడుచుకొచ్చి రెటీనా అవుతుంది. అంటే కంటి వెనక పొర మెదడు ముక్కే అన్నమాట. ఆ పొర నుంచి మెదడుకి వెళ్ళే ఆప్టిక్ నరం చుట్టూ కూడా మెదడుకి ఉన్న పొరలే ఉంటాయి, మెదడు చుట్టూ ఉన్న నీరే దాని చుట్టూ ఉంటుంది. పుర్రె గట్టిది, సాగదు, లోపల ప్రెషర్ పెరిగితే ఆ ఒత్తిడి నరం తొడుగులోంచి ముందుకొచ్చి కంట్లో కనబడే నరం మొదలుని వాచేలా చేస్తుంది. తలలో గడ్డ ఉన్నా, సిరలో రక్తం గడ్డకట్టినా, మెదడులో నీరు పేరుకున్నా ఇదే వాపు. అసలు ఘోరం ఏంటంటే మొదట్లో ఇది అక్షరాలు చదివే చూపుని ముట్టుకోదు. చెల్లి మూడుసార్లూ ఆఖరి లైను చదివింది. 6/6, అంటే చూపు మామూలుగా ఉందని రాసిచ్చారు. ఆ కాగితం చూసి అందరం నిశ్చింతగా ఉన్నాం.

ఎమ్మారైలో గడ్డ లేదు, సిరల స్కానులో క్లాట్ లేదు. నడుములోంచి సూది వేసి నీటి ప్రెషర్ కొలిచారు, పెద్దవాళ్ళలో 25 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ అంటారు, దీనికి 38 వచ్చింది. కారణం దొరక్కుండా తలలో ప్రెషర్ పెరిగే జబ్బు, ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో బరువు పెరిగిన ఆడవాళ్ళకి వస్తుందట. ఎసిటజోలమైడ్ మాత్రలు ఇచ్చి బరువు తగ్గమన్నారు. ఆ మాత్రలకి వేళ్ళు చిమచిమలాడేవి, సోడా తాగితే గ్యాస్ పోయినట్టు చప్పగా ఉందనేది, అది ఆ మందు గుణమేనట. చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కే ఫీల్డ్ టెస్టులో ముక్కువైపు కింది మూల కొంచెం పోయిందని తేలింది, అది తిరిగి రాలేదు. మిగతాది నిలిచింది. ఇంకో ఆరు నెలలు అద్దాలు మారుస్తూ కూర్చునుంటే ఏమయ్యేదో నేను ఊహించదల్చుకోలేదు.

ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. కంటిపాప మనకి నల్లగా కనబడుతుంది కదా, లోపల చీకటి అని కాదు. లోపలికెళ్ళిన వెలుతురు వచ్చిన దారినే బయటికొస్తుంది, దాన్ని చూడాలంటే మన కన్ను ఆ దారిలో ఉండాలి, అక్కడ తల పెడితే వెలుతురుకి మనమే అడ్డం. జర్మనీలో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1850-51లో ఈ చిక్కు విప్పాడు, పలచటి గాజు పలకలు ఏటవాలుగా పెట్టి పక్కనుంచి దీపం వెలుతురు కంట్లోకి మళ్ళించి ఆ పలకల్లోంచే తను చూశాడు. అంతే, బతికున్న మనిషి రెటీనా కనబడింది. దాన్నే ఆఫ్తాల్మోస్కోప్ అన్నారు. పదేళ్లు తిరిగేసరికే, 1860లో, ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫ్ అనే కంటి డాక్టరు మెదడులో గడ్డలున్న వాళ్ళ కంట్లో నరం మొదలు వాచి ఉండటం గురించి రాశాడు. అంటే మా చెల్లి కంట్లో ఆ రోజు కనబడింది ఎక్స్‌రే కూడా పుట్టక ముందే తెలిసిన సంగతి.

నాన్న విషయానికొస్తే, ఆయనకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఆయన వాదన ఏంటంటే "నాకు చూపు ఫస్ట్ క్లాస్‌గా ఉంది, ఈమధ్య అద్దాలు లేకుండానే పేపర్ చదువుతున్నా". డెబ్భై దగ్గరపడ్డ మనిషికి ఉన్నట్టుండి అద్దాలు లేకుండా దగ్గరి చూపు రావడం చాలాసార్లు శుక్లం ముదురుతున్న గుర్తేనండీ, లెన్స్ మధ్యలో గట్టిపడి చూపు హ్రస్వదృష్టి (మైనస్ నంబర్) వైపు జరుగుతుంది. షుగర్ బాగా పెరిగినప్పుడూ లెన్స్ మారి నంబర్ అటూ ఇటూ అవుతుంది, అందుకే షుగర్ కుదుటపడేదాకా కొత్త అద్దాలు చేయించొద్దంటారు. చూపు బావుందనే సర్టిఫికెట్ ఎవరికి వాళ్ళు ఇచ్చుకోకూడదు, ఇంతకీ నా గోల ఇదే.

ఒళ్ళంతటిలో కోయకుండా, గుచ్చకుండా, లోపలి రక్తనాళాల్ని ఇంత స్పష్టంగా నేరుగా కళ్ళతో చూడగలిగే చోటు రెటీనా. షుగర్ వల్ల సన్నటి నాళాల గోడలు బలహీనపడి సూదిమొనంత బుడగలు వస్తాయి, అవి చిట్లి చుక్కల్లా రక్తం, కారిన కొవ్వు పసుపు పచ్చ మరకల్లా పేరుకుంటుంది, చివరికి రక్తం అందని రెటీనా కొత్త పిచ్చి నాళాల్ని పుట్టిస్తుంది, అవి పగిలితే కన్నంతా రక్తం. ఈ వరసలో చాలా దూరం వెళ్ళేదాకా మనిషికి ఏమీ తెలీదు. అందుకే టైప్ 2 షుగర్ అని తేలగానే మొదటి కంటి పరీక్ష, ఆ తర్వాత సాధారణంగా ఏడాదికోసారి. కంట్లో ఇలా ఉందంటే కిడ్నీలోని సన్న నాళాలు కూడా చూపించుకోమనే అర్థం. పట్టుదలగా చేస్తే ఏమవుతుందో ఇంగ్లండ్, వేల్స్ లెక్కలు చూపిస్తాయి. పనిచేసే వయసు వాళ్ళలో చూపు పోవడానికి ఏళ్ల తరబడి మొదటి కారణం షుగరే, 1999-2000 లెక్కల్లోనూ అంతే. షుగరున్న వాళ్ళని పిలిచి మరీ రెటీనా ఫోటోలు తియ్యడం మొదలెట్టాక 2009-10 లెక్కల్లో అది మొదటి స్థానం నుంచి దిగిపోయింది. షుగర్ అదుపు మెరుగవ్వడం కూడా కారణం కావచ్చు కానీ ఆ ఫోటోల వాటా తీసెయ్యలేం.

బీపీది ఇంకో రకం. ధమని గట్టిపడి కింద ఉన్న సిరని నొక్కుతుంది, పైపు మీద బరువైన పైపు పెట్టినట్టు, ఆ నొక్కుడు కంట్లో కనిపిస్తుంది. 1939లో మేయో క్లినిక్ డాక్టర్లు బీపీ రోగుల్ని కంట్లో కనబడ్డదాన్ని బట్టి నాలుగు గ్రేడులుగా విడగొట్టారు, మంచి మందుల్లేని ఆ రోజుల్లో నరం మొదలు వాచిన నాలుగో గ్రేడు వాళ్ళలో ఎక్కువ మంది ఏడాది కూడా దాటలేదు. అదే చోట 1961లో హోలెన్‌హార్స్ట్ అనే డాక్టరు నాళం రెండుగా చీలే చోట ఇరుక్కుని తళుక్కుమనే కొలెస్ట్రాల్ రవ్వల గురించి రాశాడు. ఆ రవ్వ కంట్లో పుట్టింది కాదు, ఎక్కువగా మెడలోని పెద్ద ధమనిలోంచి ఊడొచ్చింది. అదే రవ్వ పక్క దారి పట్టి మెదడుకి వెళ్తే పక్షవాతం. ఒక కంటికి తెర జారినట్టు చీకటి పడి పది నిమిషాల్లో విడిపోతే "పోయిందిలే" అని పడుకునే వాళ్ళున్నారు చూడండి, వాళ్ళు చదవాలి ఈ లైను. తిరిగొచ్చేసినా సరే అదే రోజు ఆస్పత్రికి పోవాలి, పక్షవాతానికి ముందు హెచ్చరిక అయ్యుండొచ్చు.

మిగతావి చెప్పుకుంటూ పోతే మీ పేజీ చాలదు. మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో గడ్డ పెరిగితే రెండు కళ్ళకీ బయటి పక్కల చూపు పోతుంది, ఎదురుగా అంతా బాగానే కనబడుతుంది కాబట్టి మనిషి తలుపు ఫ్రేములకి భుజాలు తగిలించుకుంటూ తిరుగుతాడు తప్ప చూపు పోయిందనుకోడు. వయసులో ఉన్నవాళ్ళకి కన్ను తిప్పితే నొప్పి, ఒక కంటితో చూస్తే ఎర్ర మూత వెలిసిపోయినట్టుంటే నరం వాపు, దాని వెనక ఒక్కోసారి మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాముల్లోని నరాల తొడుగు దెబ్బతినే జబ్బు) ఉంటుంది. ఒక రెప్ప వాలిపోయి, అదే కంటిపాప పెద్దదై, తలనొప్పి కూడా ఉంటే అది అద్దాల సంగతి కానే కాదు, మెదడులో నాళం బుడగలా ఉబ్బి నరాన్ని నొక్కుతుండొచ్చు, ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. యాభై దాటిన వాళ్ళకి కొత్తగా తలనొప్పి, నములుతుంటే దవడ నొప్పి, దువ్వితే తల చర్మం నొప్పి, ఇవి ఉంటే నాళాల వాపు కావచ్చు, స్టెరాయిడ్ ఆలస్యమైతే చూపు పోవచ్చు, పోయింది మాత్రం తిరిగి రాదు. నల్లగుడ్డు అంచున గోధుమ రంగు ఉంగరం కనబడితే ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ జబ్బు కావచ్చు, కైజర్, ఫ్లైషర్ అని ఇద్దరు డాక్టర్లు 1902, 1903లో చెప్పారు దాని గురించి, చేతులు వణికి మాట తడబడి ప్రవర్తన మారిన కుర్రాడికి మనసు జబ్బని ముద్ర వేసేముందు ఆ ఉంగరం కోసం ఒకసారి చూస్తే వాడి జీవితమే మారిపోతుంది, మందున్న జబ్బు అది. పసిపిల్లల ఫ్లాష్ ఫోటోలో కంటిపాప ఎర్రగా కాకుండా తెల్లగా పడితే ఫోటో బాలేదని డిలీట్ చెయ్యకండి, కంటి క్యాన్సర్ కావచ్చు, డాక్టరుకి చూపించండి.

ఇప్పుడు మీ ఏఐ. 2018లో గూగుల్ వాళ్ళు దాదాపు రెండు లక్షల ఎనభై నాలుగు వేల మంది రెటీనా ఫోటోలతో కంప్యూటర్‌కి నేర్పిస్తే అది ఫోటో చూసి ఆడా మగా చెప్పేసింది, వయసు సగటున మూడేళ్ల చిల్లర తేడాలో చెప్పింది. ఫోటో చూసి ఆడా మగా చెప్పడం ఎంత సీనియర్ కంటి డాక్టరుకైనా రాదు. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ, షుగర్ వల్ల రెటీనా దెబ్బతిందో లేదో డాక్టరు లేకుండా చెప్పే ఏఐకి పర్మిషన్ ఇచ్చింది. ఇవి గొప్ప సంగతులే, కాదన్ను. మతిమరుపు జబ్బు సంగతి మాత్రం వేరు. ఆ జబ్బున్న వెయ్యి మందినీ లేని వెయ్యి మందినీ పోలిస్తే రెటీనాలో నరాల పొర సగటున కాస్త పలచగా కనిపించొచ్చు. కానీ గ్లకోమా (నీటికాసులు) ఉన్నా, మైనస్ నంబర్ ఎక్కువున్నా, ఊరికే వయసు మీద పడ్డా కూడా అది పలచబడుతుంది. మరి మా నాన్న ఒక్కడి ఫోటో చూసి ఏం చెప్తారు? గుంపు సగటుని తెచ్చి ఒక మనిషికి అంటగట్టేశారు మీ హెడ్డింగ్‌లో. ఇవాళ్టికైతే కంటి ఫోటో ఒక్కదానితో అల్జీమర్స్ అని ఖాయం చేసే పరీక్ష లేదు, ఆ ముక్క ఎక్కడో చివరి పేరాలో "పరిశోధనలు కొనసాగుతున్నాయి" అని ముగించారు, అక్కడిదాకా ఎవరు చదువుతారండీ.

పనిలో పనిగా ఇంకోటి. మీ ఐటమ్ పక్కన వేసిన బొమ్మ రెటీనా కాదు, ఐరిస్. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం. ఆ వలయంలో గీతలు చూసి లివర్, కిడ్నీ అన్నీ చెప్తామనే ఇరిడాలజీ అని ఒకటుంది, 1979లో 143 మంది ఐరిస్ ఫోటోలిచ్చి కిడ్నీ జబ్బు ఎవరికుందో చెప్పమంటే ఆ విద్య వాళ్ళు చెప్పలేకపోయారు. చదివేవాళ్ళు ఈ రెండిటినీ కలిపేసుకుంటున్నారు, బొమ్మ వేసేటప్పుడు కొంచెం చూసుకోండి.

చుక్కల మందు అంటే భయపడేవాళ్ళ కోసం, కొన్ని సెకన్లు మంట, నాలుగైదు గంటలు దగ్గరివి మసక, వెలుతురు చూస్తే కళ్ళు జిగేలుమంటాయి, బండి నడపకూడదు, తోడుగా ఒకరుండాలి, నల్లద్దాలు దగ్గరుంచుకోవాలి. గతంలో కంట్లో ప్రెషర్ సడెన్‌గా పెరిగిందని ఎవరైనా చెప్పుంటే ముందే ఆ మాట చెప్పాలి. ఇంతే కథ. వెళ్ళినప్పుడు "వెనక నరం చూశారా" అని నోరు తెరిచి అడగండి, చూడకపోతే చూడమనండి.

నాన్నని చివరికి చెల్లే ఒప్పించింది. వాదించలేదు, తన పాత ఫోటో, ఆ అంచు చెరిగిన బిళ్ళది, తెచ్చి ఫ్రిజ్ మీద మీ కటింగ్ పక్కన అంటించి వెళ్ళిపోయింది. రెండు రోజులు అటూ ఇటూ తిరుగుతూ దాన్నే చూశారు, మూడో రోజు చొక్కా వేసుకుని పదమన్నారు. రెటీనాలో రెండు మూడు చిన్న బుడగలున్నాయట, ఇప్పుడే చేసేదేం లేదు, షుగర్, బీపీ కంట్రోల్‌లో పెట్టుకుని ఏడాదికి మళ్ళీ రమ్మన్నారు, అద్దాల్లేకుండా చదవడం వెనకున్నది శుక్లమేనని కూడా తేలింది. ఆ సాయంత్రం చుక్కల మసక వదల్లేదు, మీ పేపర్ నేనే చదివి వినిపించాల్సొచ్చింది. ఆయన హెల్త్ పేజీ మాత్రం రేపు తనే చదువుకుంటానని పక్కన పెట్టమన్నారు.

ఇట్లు,
మీ పాఠకురాలు